ఎనిమిదో మూడు

ఆ రోజుల్లో, అంటే మరీ పురాణకాలమేం కాదు, లెక్కల్లో ఎమ్మెస్సీ ఉంటే స్కూళ్ళవాళ్ళు ఎదురొచ్చి పిలుస్తారనుకునేవాడిని. రెండుచోట్ల డెమో క్లాసు చెప్పాను. ‘కబురు చేస్తాం’ అన్నారు, చేయలేదు. బోయిగూడలో ప్లైవుడ్ షాపు నడిపే మా బావ, “ఇదీ పోతే నా కౌంటర్లో కూర్చోరా, నీ లెక్కలన్నీ అక్కడే తేలతాయి” అని తీర్పిచ్చేశాడు. మూడో డెమో లాలాగూడలో.

ఎనిమిదో తరగతి. వెనక బెంచీలో ప్రిన్సిపల్ మేడమ్. నేను బోర్డు మీద 31, 331, 3331 అని రాసుకుంటూ 3,33,33,331 దాకా వెళ్ళి, “ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ వీటిని శేషం లేకుండా భాగించలేదు” అన్నాను. అక్కడితో ఆపొచ్చుగా! పిల్లలు నోళ్ళు తెరిచేసరికి పొంగిపోయి, “ముందు ఎన్ని మూళ్ళు పెట్టుకుంటూ పోయినా అంతే” అనేశాను. (నేను చదివింది ఏడు మూళ్ళ దాకానే. మిగతాది నా సొంత పైత్యం.)

రెండో బెంచీ అమ్మాయి లేచింది. “ఇంకో మూడు పెట్టి చూద్దమా సార్?” ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు, చూసుకునే దారి లేదు. “అడుగుతున్నరు కదా, చేయండి సార్” అన్నారు మేడమ్. 33,33,33,331 అని రాశాను. ఏడుతో భాగిస్తే రెండు మిగిలింది. పదకొండుతో ఒకటి, పదమూడుతో ఆరు. హమ్మయ్య అనుకునేలోగా, “సెవెంటీన్ సార్” అందా పిల్ల. ఆ స్కూల్లో రోజూ ప్రార్థన కాగానే ఇరవై దాకా ఎక్కాలు గొంతెత్తి చెప్పిస్తారట. క్లాసంతా ఎక్కం అందుకుంది, నా సుద్దముక్క దాని వెంట పరిగెత్తింది. చివరికి ఐదు మిగిలి, పక్కన ఆఖరి ఒకటి దిగి, యాభై ఒకటైంది. “సెవెంటీన్ త్రీ జా ఫిఫ్టీ వన్” అని క్లాసంతా ఒక్కటే అరుపు. (ఆ ‘జా’ ఎవరు కనిపెట్టారో గానీ!) శేషం సున్నా.

బావ కౌంటరు కళ్ళకు కట్టింది. “నేను చెప్పింది తప్పమ్మా” అన్నాను. బెల్లు కొట్టారు. ఒక్కరూ లేవలేదు. “మరి ఇంకో మూడు పెడితే ఏమైతది సార్?” అంది మళ్ళీ అదే పిల్ల. “తెలీదమ్మా” అన్నాను, నిజంగానే తెలీక. మేడమ్ లేచి, “సార్ సోమవారం చెప్తరు” అని పిల్లలతో అని, నా వైపు తిరిగి, “ప్రార్థన టైముకి వచ్చేయండి” అన్నారు.

ఆ ఆదివారమంతా చాప మీద బోర్లా పడుకుని భాగహారాలు చేశాను. అక్క అన్నానికి పిలిచి పిలిచి విసుక్కుంది. పొద్దు వాలుతుండగా, తొమ్మిదో మూడు పెట్టిన ఆ సంఖ్య కూడా 673తో శేషం లేకుండా పోయి దొరికిపోయింది. ఇప్పుడు పిల్లలు ఏదడిగినా జవాబు నా నాలుక చివరే ఉంటుంది, వాళ్ళూ బుద్ధిగా రాసుకుంటారు. అయినా ఆ చాప మీది కుర్రాడిని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త కుళ్ళూ పుడుతుంది. ఆ రోజు ఫోను వాడి పక్కనే ఉంది. చూడాలనిపించలేదు.