వనభోజనాల బొగ్గులు

ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండే తెలుగువాళ్లం ఏటా కార్తీకంలో ఒక ఆదివారం వనభోజనాలకు వెళతాం. నిరుడు ఆరావళి కొండల అంచున, ఓ పల్లె పక్కన మంచి ఉసిరి చెట్టు దొరికింది. ఈసారీ అక్కడికే అన్నారు. వంటకు బొగ్గులు తెచ్చే పని నాకు అంటగట్టారు. ఎండుపుల్ల ఏరినా అడవికి చేటని నిరుడు ఉపన్యాసం దంచింది నేనే మరి.

దుకాణంవాడు బొగ్గుల బోరా డిక్కీలో పడేస్తూ, "ఇస్ బార్ మాల్ పాస్ సే ఆయా హై, సాబ్," అన్నాడు. దగ్గర్నుంచే వచ్చిన సరుకట. తాజా కూరగాయలు దొరికినంత సంబరపడ్డాను.

తీరా వెళ్లి కారు దిగితే, ఉసిరి చెట్టు లేదు. మోకాలెత్తు మోడు ఉంది. చుట్టుపక్కల చెట్లూ చాలావరకు లేవు. నేల మీద బొగ్గుల బట్టీలు పెట్టిన గుండ్రటి నల్ల మచ్చలు. అక్కడ మేకలు కాస్తున్న ఒకావిణ్ని అడిగాను.

"పేడ్? బోరియోం మే భర్‌కే దిల్లీ గయా," అంది.

చెట్టు బోరాల్లోకెక్కి ఢిల్లీ వెళ్లిపోయిందట. దుకాణంవాడి "పాస్ సే" గుర్తొచ్చింది.

మా బోరాలో ఉన్నది ఈ చెట్టేనని రుజువేమీ లేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, డిక్కీ తెరవడానికే జంకాను. పైగా మా పై అంతస్తు ఆంటీ ఉపవాసం. షుగర్ మనిషి. ఉసిరి కిందయితే తప్ప ముద్ద ముట్టరు. ఇప్పుడావిడ కళ్లు తిరిగి పడిపోతే?

"డిక్కీ తియ్యరేంటండీ? పిల్లలు ఆకలని గోల పెడుతున్నారు!" అని మా ఆవిడ కేకేసింది.

తీశాను. పొయ్యి కూడా నేనే రాజేశాను. పప్పు ఉడుకుతున్నంతసేపూ ఆంటీ వైపే చూస్తున్నాను. ఆవిడ మోడు చుట్టూ మూడుసార్లు తిరిగారు, దీపం పెట్టారు, దాని పక్కనే విస్తరి వేసుకుని కూర్చున్నారు.

"వేరుందిగా బాబూ, చాల్లే. వడ్డించండి," అన్నారు.

బతికాననుకున్నాను. ఆవిడ వేడివేడి పప్పన్నం నాలుగు ముద్దలు తిని, పొయ్యి వైపు చూశారు.

"బొగ్గులు భలే రాజుకున్నాయి. ఎక్కడ కొన్నారు? చలికాలం కుంపట్లోకి మాకూ ఓ బోరా చెప్పండి."

మోడు వైపు చూడకుండా, "అలాగే ఆంటీ," అన్నాను.