నీళ్లు లేని ఏడుపు

ఊరికే వచ్చేదాన్ని పూలి నమ్మదు. టేకులపల్లి అవతల అడవి అంచు తండాలో పుట్టి పెరిగిన మనిషి. చెట్టు కింద రాలిన ఇప్పపువ్వు తప్ప ఉచితంగా దొరికిన దేన్నీ ముట్టదు. అందుకు కారణం లేకపోలేదు. కొన్నేళ్ల కిందట ఎవడో భుజాన సంచీ వేసుకుని వచ్చి, పైసా తీసుకోకుండా తండా వాళ్ల కళ్లలో చుక్కలు వేసి వెళ్లాడు. పూలి ఎడమ కన్ను ఆ చుక్కలతోనే ఆరిపోయింది. ఇప్పుడు కుడి కంటికీ పొర కమ్మింది. పత్తి చేలో కాయేదో ఆకేదో చేత్తో తడిమి తెలుసుకోవలసి వస్తోంది.

అప్పుడే విదేశాల నుంచి డాక్టర్లు వచ్చి, టేకులపల్లిలో మూతబడిన ఒక పాత దవాఖానాను బాగుచేసుకుని కంటి శిబిరం పెట్టారు. వెళ్దామని కోడలు ప్రమీల రోజూ పోరుపెట్టింది.

"సముద్రాలు దాటొచ్చి నా కన్ను బాగుచేసుడేంది? ఆళ్ల దేశంల గుడ్డోళ్లు లేరా?" అంది పూలి.

"ఉన్న ఒక్క కన్ను పోతే నిన్ను చెయ్యి పట్టుకొని ఎవరు తిప్పుతరు అత్తా? నేను అంగన్‌వాడీకి పోవద్దా?"

ఆ మాట సూటిగా తగిలింది. ఒకరి చేయి పట్టుకుని తిరిగే బతుకంటే పూలికి చావుకన్నా భయం. బయలుదేరింది, కానీ నమ్మి మాత్రం కాదు.

శిబిరంలో ఒక తెల్ల నర్సు పూలి గడ్డం పట్టుకుని తన భాషలో చాలాసేపు ఏదో చెప్పింది. ఆమె మాటల్ని తెలుగులో చెప్పడానికి కొత్తగూడెం నుంచి వచ్చిన శ్రీను పక్కనే ఉన్నాడు.

"భయపడొద్దంటున్నది అవ్వా."

"గంతసేపు చెప్పింది, నువ్వు ఒక్క ముక్క చెప్తివి. మిగిలింది ఏడ దాచినవ్ కొడుకా?"

శ్రీను నవ్వాడు. ఆ నవ్వుతో పూలి అనుమానం ఇంకా ముదిరింది.

ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. లోకమంతా చీకటైపోయింది. నర్సు మంచం పక్కన కూర్చుని పూలి చేయి పట్టుకుంది. పూలి విదిలించుకుంటే మళ్లీ పట్టుకుంది.

"పారిపోతనని కావలి పెట్టిన్రు," అని పూలి కోడలి చెవిలో గొణిగింది. "చూడు, చెయ్యెట్ల వణుకుతుందో. తప్పు చేసినోళ్లకే గిట్లయితది."

"ఆమెకు ఇక్కడి నీళ్లు పడక కడుపు చెడింది అత్తా. అన్నం తిని రెండు రోజులైంది. పండుకొమ్మంటే పోతలేదు."

పూలి నమ్మిందో లేదో గానీ, ఆ తర్వాత చేయి లాక్కోలేదు.

మర్నాడు కట్టు విప్పారు. పూలి ముందుగా తన ముంజేతి మీది పచ్చబొట్టు చుక్కలు చూసుకుంది. తర్వాత కోడలి ముఖం, ఆ తర్వాత నర్సు ముఖం. బుగ్గలు లోపలికి పోయి, కళ్లు గుంటలు పడి, ఇంకా చిన్నపిల్ల. కంట్లో నీళ్లు పడకూడదనీ, కొన్నాళ్లు ఏడవకూడదనీ, తేడా వస్తే కన్ను దక్కదనీ డాక్టరు చెప్పించాడు. అక్కడ విన్న మాటల్లో పూలి పూర్తిగా నమ్మింది అదొక్కటే.

శిబిరం ఎత్తేసే రోజున పూలి కోడలితో కన్ను చూపించుకోవడానికి వచ్చేసరికి నర్సు జీపు ఎక్కబోతోంది. అయినవాళ్లు వచ్చినా, వెళ్లినా తండా ఆడవాళ్లు మెడ చుట్టూ చేతులు వేసి, రాగం తీసి ఏడుస్తారు. ఏడవకుండా పంపడమంటే నువ్వు పరాయిదానివని చెప్పడమే. పూలి చిక్కులో పడింది. ఏడిస్తే కన్ను పోతుంది. ఏడవకపోతే ఈ పిల్ల పరాయిదైపోతుంది.

పూలి కోడలి రెక్క పట్టి దగ్గరకు లాక్కుంది.

"నా కన్ను పచ్చిగున్నది. నా బదులు నువ్వేడువు."

పూలి నర్సు మెడ చుట్టూ చేతులు వేసి, తన లంబాడీ భాషలో "యాడీ", అంటే అమ్మా, అని పిలుస్తూ రాగం ఎత్తుకుంది. నర్సు హడలిపోయింది. కంటికేమైందోనని లైటు తీసి రెప్ప ఎత్తి చూసింది. కన్ను పొడిగా ఉంది. పక్కన ప్రమీల వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏం కాలే మేడం," అన్నది ప్రమీల ముక్కు తుడుచుకుంటూ. "తన మనిషి దూరం పోతుందని మా అత్త ఏడుస్తుంది. ఆ నీళ్లు నేను కారుస్తున్న."

శ్రీను ఇంగ్లీషులో చెప్పాడు. నర్సు లైటు జేబులో పెట్టేసింది. పూలి భుజం మీద తల ఆనించి, తన భాషలో ఏదో చాలాసేపు చెప్పింది.

శ్రీను తెలుగులో చెప్పడానికి నోరు తెరిచాడు.

"నువ్వుండు కొడుకా," అంది పూలి. రాగం మళ్లీ అందుకునే ముందు కోడలి వైపు తిరిగింది. "ఆపకు, ఏడువు."