ఉప్పుబండ మీద ఆకుపచ్చ పలుకులు

అమ్రాబాద్ అడవంచున యురేనియం తవ్వుతారన్న మాట పుట్టాక, మా చిన్నాయిన ఊళ్లో కొత్త జీపు కనిపిస్తే జనం దాని టైర్లను కూడా నమ్మేవాళ్లు కాదు. నల్గొండలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకునే నేను, ఊరికి పోయినప్పుడు అడగకపోయినా ఆ సంగతి వివరించాను. యురేనియం డయాక్సైడును బాగా వేడిచేసి హైడ్రోజన్ ఫ్లోరైడు వాయువు పంపితే టెట్రాఫ్లోరైడు తయారవుతుందనీ, ఆ పనివాళ్లు దాన్ని ఆకుపచ్చ ఉప్పు అంటారనీ, కంటికి కనిపించని కిరణాలు వదులుతుందనీ చెప్పాను. నీళ్లలో దాదాపు కరగదని కూడా చెప్పాను. అప్పటికే అందరూ ఉప్పు దగ్గర ఆగిపోయారు.

వారం తిరగకముందే చిన్నాయిన ఫోన్ చేశాడు. గొర్లకు ఉప్పు చల్లే బండ మీద ఆకుపచ్చ పలుకులున్నాయట, గొర్లు నాకాయట. రెండు రోజులుగా మందను దొడ్డి దాటనివ్వలేదు. మర్నాటికల్లా అన్నిటినీ చంపి పాతిపెడతానన్నాడు. ఆ ఇల్లు నడిచేదే ఆ మంద మీద.

వెళ్లి చూశాను. అన్నభేది, అంటే ఇనుప సల్ఫేటు; అదీ ఆకుపచ్చ పలుకులే. పక్క చేను రైతు పల్లికాయ ఆకు పసుపెక్కిందని మందు కొడుతూ, ఆ బండ మీదే పెట్టుకుని కలుపుకున్నాడు. ఒక పలుకు గ్లాసు నీళ్లలో వేసి తిప్పాను.

"చూడు చిన్నాయినా, కరిగింది. నేను చెప్పిన ఉప్పయితే అడుగున కూసుంటది."

"మొన్న ఉప్పంటివి. ఇయ్యాల కాదంటున్నవ్. నడుమ నిన్ను ఎవలు కలిసిండ్రురా?"

"ఎవరూ కలవలే."

"జీపుల వచ్చినవా?"

"బస్సుల."

"టికెట్ చూపియ్."

చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, గ్లాసు నా ముందుకు జరిపాడు. "గట్లయితే జర నువ్వే తాగు."

"పిలగానికి ఏమన్నయితే?" అంది చిన్నమ్మ.

"గొర్లకు ఏమన్నయితే?"

చిన్నమ్మ కాసేపు ఆలోచించి, నాకు మంచం వాల్చింది.

ఒక గుక్క తాగాను. తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టుంది. చిన్నాయిన ఎదురుగా కూర్చుని, నీరసపడ్డ గొర్రెకు చూసినట్టే నా కింది రెప్ప లాగి లాగి చూశాడు. పొద్దు వాలేసరికి లేచి, బండను నాలుగు బిందెలతో కడిగి, దొడ్డి తడిక తీశాడు. ముందు ఒక ముసలి గొర్రెను వదిలి, అది గడ్డి కొరికాక మిగతావాటిని వదిలాడు.

నేనూ లేవబోయాను.

"నువ్వు కూసో. నిన్ను ఇంకా చూడాలె."