దేవుని కుండ మీద తెరుచుకున్న పిడికిలి

నా ఊపిరిని ఇంతవరకు కాచిన తండ్రికి, గాయపడిన చేతులతో నన్ను పట్టుకున్న కుమారునికి, నా మంచం పక్కన ఆదరణగా నిలిచిన పరిశుద్ధాత్మకు మహిమ కలుగును గాక. ఆయన చేసిన మేలును దాచుకోవడం నాకు తగదు కనుక ఈ సాక్ష్యం రాస్తున్నాను.

నా పేరు రూతమ్మ. మాది చిట్యాల దగ్గర ఒక పల్లె, ఇక్కడ మాది చిన్న లూథరన్ సంఘం. చర్చిలో నా విశ్వాసం ఒప్పుకుని కన్ఫర్మేషన్ అయిన మరుసటి ఏడే పెళ్లయి ఈ ఊరికి వచ్చాను. నాట్లు వేయడం, పత్తి ఏరడం, బత్తాయి తోటకు నీళ్లు కట్టడం, బర్రెల పాలు పిండడం అన్నీ ఈ కుడి చెయ్యే చేసింది. ముసలితనం వచ్చినా ఆగలేదు.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. పొద్దున ఎసరు పెట్టగానే, బియ్యం కడగకముందే, ఇంటి ఆడమనిషి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. దాన్ని దేవుని కుండ అంటాం. ఆదివారం ఆ బియ్యం చర్చికి తీసుకుపోతాం, అవి అమ్మిన డబ్బు సంఘానికి పోతుంది. మా చర్చి రేకులు తీసి స్లాబు వేయించింది చాలావరకు ఆ గుప్పిళ్లే. మా అత్త ఆ కుండను నాకు అప్పగించినప్పటి నుంచి, కాన్పుల రోజులు తప్ప, ఆ గుప్పెడు నేనే వేశాను.

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు, ఒక ఆదివారం పొద్దున, నా గుప్పెడు కుండలో పడలేదు. వేళ్ల సందుల్లోంచి జారి నేల మీద పడింది. మళ్లీ తీశాను, మళ్లీ జారింది. చెయ్యి మీద పడుకున్నానేమో, తిమ్మిరెక్కిందనుకున్నాను. నా కోడలు సునీత చూసింది.

“అత్తమ్మా, మూతి జర పక్కకు పోయినట్టున్నది. దవాఖానకు పోదాం పా.”

“ఇయ్యాల సంస్కారం ఉన్నది బిడ్డా. ప్రభువు బల్లకాడికి పోయొచ్చినంక పోదాం. ఆయన ముట్టుకుంటే ఇదెంత?”

మాకు ప్రభురాత్రి భోజనం నెలకొకసారే. విశ్రాంతి దినాన సమాజమందిరంలో ఊచచెయ్యి, అంటే ఎండిపోయిన చెయ్యి, గలవాణ్ని ప్రభువు బాగుచేసిన సంగతి మనసులో మెదిలింది. నాకూ ఆయన ఇంట్లోనే స్వస్థత దొరుకుతుందని నమ్మి, తెల్లచీర కట్టుకుని బయలుదేరాను.

బలిపీఠం ముందు మోకరించాను. ద్రాక్షరసం నోట్లో నిలవలేదు, పెదవి మూల నుంచి కారి చీర మీద పడింది. సంస్కారం ఇస్తున్న పాస్టరు అయ్యగారు ఆగిపోయారు.

“రూతమ్మా, నా దిక్కు చూడు. రెండు చేతులు లేపమ్మా.”

ఎడమది లేచింది. కుడిది లేవలేదు. ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది. ఆయన గిన్నె బల్ల మీద పెట్టి సంఘం వైపు తిరిగారు. “బయట ఎవరి కారున్నది? జల్ది తియ్యుండ్రి.” ఆశీర్వాదం ఇంకా కాలేదని నేను ఎడమ చేత్తో సైగ చేశాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి అన్న మాట నేటికీ మరువలేదు: “విశ్రాంతి దినమని ప్రభువే ఆగలేదమ్మా. ఆరాధన కాలేదని నువ్వెందుకు ఆగుతున్నవ్?”

నల్లగొండలో సీటీ స్కాన్ తీశారు. మెదడులో ఎడమవైపు క్లాట్ ఉంది, ఇది స్ట్రోక్ అన్నారు. ఎప్పుడు మొదలైందని డాక్టర్ అడిగితే, పొద్దున ఎసరు పెట్టినప్పుడని సునీత చెప్పింది.

“క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఉంది. కానీ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఆ టైం దాటిపోయిందమ్మా,” అన్నాడాయన. మా ఆయన యాకోబు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. డాక్టరే ఆయన్ని లేపాడు. “ప్రాణానికి భయం లేదు. మందులు మానొద్దు. ఫిజియోథెరపీ చేయించండి. చాలా వరకు కోలుకుంటుంది.”

మాట మెల్లగా తిరిగి వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నడవగలిగాను. చెయ్యి మాత్రం తడి బట్టలా వేలాడింది. దేవుని గుప్పెడు సునీత వేసేది. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. “అది నీ గుప్పెడు. నాది కాదు,” అనేదాన్ని. పాపం, ఆ పిల్ల మరునాడు మళ్లీ వేసేది.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మెత్తటి బంతి ఇచ్చింది. నాకు దాని మీద మనసు పోలేదు. ఒకరోజు ఆమె అడిగింది, “ఇంట్ల ఈ చెయ్యితోని ముందుగాల ఏం పని చేస్తుంటివి అవ్వా?” గుప్పెడు బియ్యం సంగతి చెప్పాను.

“గట్లనా! అయితే బేసిన్ల బియ్యం పోసుకొని చెయ్యి ముంచు. పట్టు, విడువు. పట్టు, విడువు. గదే నీ కసరత్తు.”

నెలలు గడిచాక వేళ్లు ముడుచుకోవడం మొదలైంది. ఒక పొద్దున నిజంగానే గుప్పెడు బియ్యం పట్టాను! సంతోషంతో దేవుని కుండ దగ్గరికి పోయి చెయ్యి చాపాను. పిడికిలి తెరుచుకోలేదు. ఎంత ప్రయత్నిస్తే అంత బిగుసుకుంది. సునీత ఒక్కో వేలు విప్పితే, చెమటకు అరచేతికి అంటుకున్న గింజలు రాలాయి.

మా ఆయన నవ్వాడు. “ఇన్నేండ్లు దేవునికి పెట్టి పెట్టి, ఇప్పుడు పిసినారివైనవా ఏందే?”

నేనూ నవ్వాను. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

“దీన్ని స్పాస్టిసిటీ అంటరు. పట్టుడు ముందుగాల వస్తది, విడుసుడు తర్వాత వస్తది. జబర్దస్తి చెయ్యకు,” అంది ఆ అమ్మాయి. నాకు ఓపిక చాల్లేదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం ఉపవాసాల్లో కసరత్తూ మానేశాను, బీపీ మాత్రలూ మానేశాను. తల తిరిగి పడిపోయాను. డాక్టర్ కోపం చేశాడు. “మాత్ర ఆపితే రెండో స్ట్రోక్ వస్తుంది. ఉపవాసం ఉన్నా లేకున్నా మాత్ర మానొద్దు.”

మంచం మీద ఉండి ఆ ఊచచెయ్యి గలవాని సంగతి మళ్లీ చదివాను. ఎన్నోసార్లు చదివినదే. ప్రభువు ఆ మనిషిని దేన్నీ పట్టుకోమనలేదు. చెయ్యి చాపమన్నాడు. ఆనాటి నుంచి పట్టు కోసం అడగడం మానేశాను. ప్రభువా, విడిచే శక్తినివ్వు అని అడిగాను. కసరత్తు మళ్లీ మొదలుపెట్టాను. చెయ్యి గోరువెచ్చటి నీళ్లలో పెట్టడం, మణికట్టు కిందికి వంచడం, ఊపిరి మెల్లగా వదలడం ఆ అమ్మాయి నేర్పింది.

వానలు పడి పత్తి గింజలు పెట్టే రోజులవి. పొద్దున ఎసరు పెట్టి, సునీత నా చేతిని వెచ్చటి నీళ్లలోంచి తీసి తుడిచింది. గుప్పెడు పట్టి, కుండ మీద మణికట్టు వంచాను. ముందు చిటికెన వేలు వదులైంది. ఆ పక్క వేలూ కదిలింది. గింజలు సన్నగా చప్పుడు చేస్తూ కుండలో పడ్డాయి.

“అత్తమ్మా, పడ్డయ్! పడ్డయ్!” అని సునీత అరిచింది. కొట్టంలోంచి మా ఆయన పాలచెంబుతో ఉరికి వచ్చాడు. “ఎవరే, ఎవరు పడ్డరు?” కుండలోకి చూసి, అక్కడే నేల మీద మోకాళ్లూని ప్రార్థన చేశాడు.

ఇప్పుడు నేను పాలు పిండలేను, పత్తి ఏరలేను. నా గుప్పెడు మునుపటి దానిలో సగమే, కొన్ని గింజలు అరచేతికి అంటుకునే ఉంటాయి. సునీతను తన గుప్పెడు మానొద్దన్నాను. మా కుండలో రోజూ రెండు గుప్పిళ్లు పడతాయి. కుండలో పడ్డాక ఏది ఎవరిదో నాకు తెలియదు. తెలియనక్కరలేదు కూడా.

మీకు ఒక్క మాట చెబుతాను. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఆ గడియలోనే స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి బయలుదేరండి. ఆరాధన కోసమైనా ఆగకండి. దారిలో ప్రార్థన చేయండి, ప్రభువు ఆ బండిలోనూ ఉంటాడు.

ఈ పూట మీ ఎసరు దగ్గర నిలబడినప్పుడు, ముడుచుకున్న చెయ్యితో మంచం పట్టిన వారెవరైనా జ్ఞాపకం వస్తే, మీ చెయ్యి తెరిచి వారి కోసం నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, వారి చేతిని కూడా చాపించు. ఆమేన్.