మూడొందల ఇరవై రూపాయల లగ్జరీ

పని చేయక ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లను చూశాను. బాసుతో గొడవపడి పోగొట్టుకున్నవాళ్లనూ చూశాను. ఒక చెక్కపెట్టె పుణ్యమా అని పోగొట్టుకోబోయినవాణ్ణి మాత్రం రోజూ అద్దంలోనే చూస్తుంటాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో మా ఫ్లోరంతా నవ్వింది, మీరొక్కరు తక్కువెందుకు?

ఆ రోజుల్లో నేను నానక్‌రామ్‌గూడలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. మొదటి ప్రమోషన్ వచ్చిన ఊపులో మాల్‌కి వెళ్లి పరదేశపు వాచీ ఒకటి కొన్నాను. ఆ వాచీ కంపెనీ పేరు నాకు ఇప్పటికీ సరిగ్గా పలకడం రాదు. షోరూములో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. తెల్ల గ్లౌజులు తొడుక్కున్న అమ్మాయి వాచీని పళ్లెంలో పెట్టుకుని హారతి తెచ్చినంత భక్తిగా తెచ్చింది. చెయ్యి చాపాలో కళ్లకద్దుకోవాలో అర్థం కాలేదు. దాని ధర చెప్పను. మా ఆవిడ సుజాతకు కూడా ఇప్పటిదాకా పూర్తిగా చెప్పలేదు.

అప్పటినుంచి నన్ను టైమడగడం ఆఫీసులో ప్రమాదకరమైంది. "టైమెంతైంది చలపతీ?" అంటే, ముందు వాచీ చరిత్ర మొదలుపెట్టేవాణ్ణి.

"దీని లోపలి మిషన్ చేత్తో చేస్తారు తెలుసా? ఒక ముసలాయన కొండల మధ్య కూర్చుని, నెలకొక్కటి..."

"సరే గానీ టైమెంత?"

ఆ ముసలాయన సంగతి షోరూము వాళ్లు చెప్పింది కాదు. ఆయన్ని నేనే పుట్టించాను. వాచీ వచ్చిన పెట్టెను కూడా వారం రోజులు నా టేబుల్ మీద ప్రదర్శనకు పెట్టాను. నల్లటి చెక్క, ఇత్తడి గొళ్లెం, లోపల ఎర్ర వెల్వెట్. దాన్ని గుర్తుపట్టనివాడు మా ఫ్లోర్‌లో లేడు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

డిసెంబర్‌లో మా ఆఫీసులో సీక్రెట్ శాంటా ఆడతారు. చీటీలో ఎవరి పేరొస్తే వాళ్లకు, ఇచ్చేవాడి పేరు చెప్పకుండా, ఐదొందలు దాటని కానుక ఇవ్వాలి. నా చీటీలో మా మేనేజర్ విశ్వనాథం గారి పేరొచ్చింది. పైనెలలోనే ప్రమోషన్లు తేల్చే అప్రైజల్. ఐదొందల్లో ఆయన మనసు దోచేదేముంటుందని ఆలోచించి, మేముండే చందానగర్‌లోనే, మార్కెట్ మెట్ల కింద వాచీలు బాగుచేసే యాదగిరి దగ్గరికి వెళ్లాను. డయల్ ఒక చోటిది, బెల్టు ఇంకో చోటిది తెచ్చి ఆయనే వాచీలు కట్టి అమ్ముతాడు. డయల్ మీద కంపెనీ పేరే ఉండదు. మూడొందల యాభై అన్నాడు. నేను బేరమాడి మూడొందల ఇరవైకి తెచ్చాను. ఒక పాత పేపరు ముక్కలో చుట్టి ఇచ్చాడు.

"మేనేజర్‌కి పొట్లం కట్టి ఇస్తారా ఏవండీ, పల్లీల్లాగా?" అంది సుజాత.

నిజమే అనిపించింది. బీరువాలో నా వాచీ పెట్టె ఖాళీగా కనిపించింది. యాదగిరి వాచీని అందులో పెట్టి, పైన రంగు కాగితం చుట్టాను. ఆహా, ఎంత తెలివి! ఆ తెలివికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

మర్నాడు విశ్వనాథం గారు కాగితం విప్పగానే ఫ్లోరంతా ఒక్కసారి "ఓహ్" అంది. ఇచ్చిందెవరో రహస్యంగా ఉంచాల్సిన ఆటలో, పెట్టె నా పేరును మైకు పెట్టి చెప్పింది.

"ఏమయ్యా చలపతీ, ఎంత పని చేశావు!" అన్నారాయన.

"అయ్యో, ఇది మామూలు వాచీ సార్."

"నాకు తెలుసులేవయ్యా. పెద్దమనసున్నవాళ్లు ఎంత ఖరీదైంది ఇచ్చినా మామూలే అంటారు." ఆయన వాచీని వెలుతురులో తిప్పి చూశారు. "చూశారా, డయల్ మీద పేరు కూడా వేయలేదు. అందరికీ చెప్పుకోవాల్సిన అవసరం లేదన్నమాట. దాన్నే హోదా అంటారు."

పక్కనున్నవాళ్లు చెవి దగ్గర పెట్టుకుని విని, చప్పుడే వేరు అన్నారు. ఒకాయన కొండల మధ్య ముసలాయన గురించి మిగతావాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. నేను గట్టిగా అరిచి నిజం చెప్పి ఉండొచ్చు. కానీ ఆయన ముఖంలో అంత సంతోషం నా కోడింగ్ చూసినప్పుడు ఎన్నడూ కనిపించలేదు.

విశ్వనాథం గారిలో ఒక్కటే లోపం, ఆయన నిజాయితీపరుడు. సాయంత్రానికల్లా, అందుకున్న కానుకలు కంపెనీకి తెలిపే ఫారం నింపి, "ఖరీదైన పరదేశపు వాచీ, నా కింద పనిచేసే ఉద్యోగి ఇచ్చినది" అని రాసి పంపేశారు. మూడో రోజు హెచ్‌ఆర్ సుకన్య మేడమ్ పిలిచారు.

"చలపతి గారూ, అప్రైజల్ ముందు మేనేజర్‌కి లగ్జరీ వాచీ ఇచ్చారు. దీన్నేమంటారో తెలుసాండీ?"

"సీక్రెట్ శాంటా అంటారు మేడమ్."

"లంచం అంటారు. మీ ప్రమోషన్ ఫైలు ఆపేశాం. ఇది నిజమని తేలితే ఉద్యోగమే ఉండదు."

అప్పటికి సుజాతకు ఏడో నెల. "మేడమ్, అది మూడొందల ఇరవై రూపాయల వాచీ!"

ఆవిడ పెట్టె తెరిచి నావైపు తిప్పారు. "లోపల వెల్వెట్ ఉందండీ," అన్నారు, దొంగను పట్టుకున్న గొంతుతో. "బిల్లు ఉందా?"

యాదగిరి బిల్లు కాదు కదా, పొట్లానికి దారం కూడా ఇవ్వలేదు. చివరికి ఆవిడా, విశ్వనాథం గారూ, నేనూ, పెట్టే, ఒకే క్యాబ్‌లో చందానగర్ బయలుదేరాం. దారి పొడవునా విశ్వనాథం గారు కిటికీ వెలుతురు వాచీ మీద పడేలా చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

"ఏంది సార్, గింత మందితోని వచ్చిన్రు?" యాదగిరి కంటి అద్దం తీశాడు. "అప్పుడే ఆగిందా?"

"ఇది నీ వాచీయేనని మేడమ్‌కి చెప్పు యాదగిరీ!"

ఆయన వాచీ వెనక మూత ఊడదీశాడు. "నాదే. నేనే కట్టిన. ఈ సార్ అరగంట బేరం జేసి ముప్పై రూపాలు తగ్గించిండు."

విశ్వనాథం గారు నావైపు చూశారు. వాచీ చవకదైనందుకు కాదు, దానికి కూడా బేరమాడానని. నాకు సిగ్గేసింది. అక్కడితో చేతులు జోడించి వచ్చేస్తే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ, పోతున్న పరువు కాస్తయినా దక్కించుకోవాలనిపించింది. ఎడమచేతి వాచీ విప్పి యాదగిరి ముందు పెట్టాను.

"దీన్నీ తెరువు. అసలైన లగ్జరీ ఎలా ఉంటుందో వీళ్లు చూడాలి."

"ఎందుకు సార్, ఉండనియ్యిండ్రి."

"ఫరవాలేదు, తెరువు!"

తెరిచాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకసారి నన్ను, ఒకసారి వాటిని చూశాడు. "ఫికర్ చేయకుండ్రి సార్," అన్నాడు మెల్లగా. "రెండిట్ల ఒక్కటే మిషన్."

ముగ్గురం వంగి చూశాం. అదే బ్యాటరీ బిళ్ల, అదే చక్రం, అదే నంబరు. కొండల మధ్య ముసలాయన అక్కడికక్కడే కాలం చేశాడు.

"మరి దీనికి అంత ధర ఎందుకయ్యా?" అన్నాను.

"జర ఆ డబ్బ ఇయ్యుండ్రి." యాదగిరి పెట్టెను అటూ ఇటూ తిప్పి, గొళ్లెం రెండుసార్లు వేసి తీశాడు. "అబ్బ, ఏం పనితనం! అసలు కట్టె. ఇత్తడి గూడ మంచిది. పైసలన్నీ ఈడనే పెట్టిన్రు సార్."

సుకన్య మేడమ్ పెన్ను తీసి అక్కడే తీర్పు రాశారు. వాచీ పరిమితిలోపే ఉంది, మేనేజర్ గారు ఉంచుకోవచ్చు. పెట్టె మాత్రం ఖరీదైన కానుక కిందికి వస్తుంది కనక ఉద్యోగికి తిరిగి ఇచ్చేయాలి.

ఉద్యోగం నిలిచింది. ప్రమోషన్ ఆర్నెల్లు ఆలస్యంగా వచ్చింది. విశ్వనాథం గారు ఆ వాచీనే పెట్టుకునేవారు. నాకు టైము చెప్పే హక్కు పోయి, ఆయన్ని టైమడిగే అలవాటైంది. పెట్టెలో సుజాత సేఫ్టీపిన్నులు వేసుకుంది. ఇన్నేళ్లయినా ఒక్కదానికీ తుప్పు పట్టలేదు.

అందుకే ఎడమచేతి వాచీ సాక్షిగా, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కానుక ఎవరికిచ్చినా పాత పేపర్లోనే చుట్టి ఇస్తాను. యాదగిరి దగ్గర రూపాయి బేరమాడను. ముఖ్యంగా, ఊపిరున్నంతవరకు, లగ్జరీ అని చెప్పి కొన్న ఏ వస్తువుకూ వెనక మూత తెరవనివ్వను.