రాజుగారి కూతురు కూర్చున్న పీట

చైనీస్ పంచాంగంలో ఏడో నెల వచ్చిందంటే మా పుంగ్గోల్ ఫ్లాట్ల బ్లాకు కింద చైనీస్ వాళ్లు పోయిన తమ పెద్దల పేరిట కాగితాలు కాలుస్తారు. ఆ పొగ మెల్లగా పైకి లేచి మా వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చి, నేను అప్పుడే వెలిగించిన నేతిదీపం వాసనతో కలుస్తుంది. మా అమ్మాయి దగ్గుతూ కిటికీ మూసెయ్యమంటుంది. నాకు మనసొప్పదు. ఆ రెండు వాసనలూ కలిసిన చోట నా చిన్నతనం ఉంది, ఇదే ద్వీపంలో రేవు పక్కన సెంబవాంగ్‌లో మేమున్న పాత ఇల్లుంది, మా అమ్మ ఉంది.

ఆ ఇంటికి పొద్దు ఓడల కార్ఖానా సైరన్‌తో మొదలయ్యేది. నాన్నగారు ఓడలకు తుప్పు గీకించి రంగులు వేయించే కాంట్రాక్టరు; సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగుపెడుతుంటే తుప్పూ టర్పెంటైనూ సముద్రపు ఉప్పూ కలిసిన వాసన ఆయనకంటే ముందు లోపలికి వచ్చేది. డిసెంబరు వానలు పట్టుకుంటే ఒక పట్టాన వదిలేవి కావు, వెదురుగడల మీద ఆరేసిన బట్టలన్నీ వరండాలోకి చేరి ఇల్లంతా తడి నూలు వాసన వేసేది, అమ్మ అల్లం దండిగా వేసి పెసరట్లు పోసేది, నేను ఆ తడి చీరల మధ్య దాక్కుని వేడివేడిగా తినేదాన్ని. ఉగాది పచ్చడికి మామిడికాయలు పక్కింటి మలయ్ పెద్దావిడ, మేం మక్చిక్ అని పిలిచే అత్తమ్మ దొడ్లోంచి వచ్చేవి. బదులుగా ఆవిడకు గిన్నెడు బొబ్బట్లు వెళ్లేవి. వినాయక చవితికి పత్రి సగం కూడా దొరక్క, అమ్మ దొడ్లోని కమ్మని వాసన వేసే పాండాన్ ఆకులు కూడా కడిగి పళ్లెంలో పెట్టి, "మనం ఎక్కడున్నామో స్వామికి తెలియదా ఏమిటి" అనేది. ఆ మాట నాకు ఈనాటికీ మంత్రంతో సమానం.

నేను బడికి వెళ్లలేదు. ఉబ్బసం ఉందన్నారు. ఉన్న మాట నిజమే, వానాకాలంలో పిల్లికూతలు వచ్చేవి. కానీ నాకంటే ఎక్కువ ఆయాసపడే పిల్లలు కూడా సంచీలు తగిలించుకుని బడికి వెళ్లడం కిటికీలోంచి చూస్తూనే ఉండేదాన్ని. నాకు చదువు చెప్పడానికి యానాం మామ్మగారు వచ్చేవారు. ఎదురు బ్లాకులో కొడుకు దగ్గర ఉండే ఆవిడ, యానాం ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉన్న రోజుల్లో వాళ్ల బళ్లో చదువుకున్న మనిషి. ఎక్కాలు తెలుగులో, దేశాల పేర్లు ఫ్రెంచిలో, తిట్లు గోదావరి యాసలో చెప్పేవారు. పాఠం అయ్యాక గుడ్డముక్కల్లో బియ్యం పోసి కుట్టిన చిన్న చిన్న మూటలతో నాతో అచ్చంగిల్లాలు ఆడేవారు, ఓడిపోతే ఒప్పుకునేవారు కాదు.

ఆదివారం వస్తే మా వరండా చిన్నపాటి దర్బారు. నాన్నగారు పేము పడక్కుర్చీలో కూర్చునేవారు. ఇంజినీర్లకు కుర్చీలు, మేస్త్రీలకు బల్ల, మిగతావాళ్లకు మెట్లు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరి చోటు వాళ్లకు తెలుసు. మెట్ల మీద అందరికంటే కింద కూర్చునేది అప్పలసామి. వంతెన దాటితే వచ్చే జొహోర్ అవతల రబ్బరు తోటల్లో పుట్టి పెరిగి, మా నాన్నగారి దగ్గర వెల్డింగు పని చేసేవాడు. ఒక్క ఆదివారం మానేవాడు కాదు. నాకోసం కాగితంలో చుట్టి రాంబుటాన్లు తెచ్చేవాడు, "అమ్మాయిగోరూ, గింజ మింగీకండి, కడుపులో సెట్టు మొలిసేత్తది" అనేవాడు. అతని గ్లాసులో కాఫీ అమ్మ తనే స్వయంగా కలిపి పంపేది.

ఫ్రాన్సు రాజుగారి కూతురి సంగతి యానాం మామ్మగారు నాకు చెప్పింది ఆ వరండాలోనే.

"ఆయ్, రాజన్నాక ఒక్క రాణీతో ఆగుతాడేంటండీ" అని మొదలుపెట్టారు, వంటింటి వైపు ఓసారి చూసి. రాణిగారు కాక ఆయన మనసుపడ్డ మరొకావిడకు పుట్టిన పిల్లట. పుట్టగానే తోబుట్టువులతో పాటు పట్నం పొలిమేరలో ఒక ఇంట్లో, ఒక వితంతువు చేతుల్లో, ఎవరికీ తెలియకుండా పెంచారట. ఆ ఇంట్లో పిల్లలున్నారని బయటికి పొక్కకుండా తెరలు కట్టే పనివాళ్లను కూడా రానివ్వక ఆవిడే నిచ్చెనెక్కి కట్టుకునేదట. తరవాత రాజుగారికి ధైర్యం వచ్చి, వీళ్లు నా పిల్లలే అని రాజముద్ర వేయించి, అంతఃపురానికి పిలిపించుకున్నాడు. పట్టుగౌన్లు, లేసులు, నాట్యం నేర్పడానికి ఒక పంతులు, పడుకునే ముందు రాజుగారి చెంప మీద ముద్దు.

"మరి వాళ్లమ్మ పేరు?" అన్నాను.

"అది మటుకు రాయించలేదండి. రాయిస్తే నామోషీ."

ఆ కోటలో మర్యాదంతా పీటల్లో ఉండేదట. రాణిగారి సముఖంలో కొందరికే వీపు ఆనే కుర్చీ, కొందరికి ఉత్త పీట, మిగతావాళ్లు ఎంతసేపైనా నిలబడాల్సిందే. ఈ పిల్ల ఎక్కడ కూర్చోవాలి? రాజు కూతురు కాబట్టి పీట ఇవ్వాలా, రాణి కూతురు కాదు కాబట్టి నిలబెట్టాలా? పెద్దపెద్ద దొరలు ఈ ముచ్చట మీద కొట్టుకు చచ్చారట. పిల్లను రాజుగారు సొంత తమ్ముడి కొడుక్కే ఇస్తానంటే, అలాంటి పిల్లకు సరేనన్నందుకు ఆ కుర్రాడి చెంప కన్నతల్లే నిండు కొలువులో పగలగొట్టిందట. నేను నోరు తెరుచుకుని విన్నాను. అంత బంగారం ఒంటిమీద వేసుకున్న పిల్లను అంతమంది ముందు అలా అవమానిస్తారా! ఆ కథ చెబుతున్నప్పుడు అమ్మ ఒకసారి గుమ్మంలోకి వచ్చి, చివరిదాకా నిలబడి విని, వెళ్లి మాకు వేడి గారెలు పంపింది. మామ్మగారు తెలిసే చెప్పారో, తెలియక చెప్పారో, అడగాలని నాకు తోచేనాటికి ఆవిడ లేరు.

నాకు ఓణీలు వేసే వేడుక ఆ తరవాతి సంవత్సరం వచ్చింది. మన వైపు ఆ వేడుకలో ముఖ్యమైన మనిషి మేనమామ. పిల్లను పీట మీద కూర్చోబెట్టాక మేనమామ తెచ్చిన పరికిణీ ఓణీ పెడితేనే అది వేడుక. తల్లి పుట్టింటివాళ్లు నలుగురిలో "ఇది మా ఆడపడుచు బిడ్డ" అని చెప్పడమే దాని అర్థం. అమ్మ అన్నయ్య, మా మామయ్య, అందుకోసమే కాకినాడ నుంచి విమానంలో దిగాడు. ఇల్లంతా మల్లెపూలు, పులిహోర, కొత్త పట్టు వాసన; ఓడల కార్ఖానాలోని తెలుగువాళ్లంతా పెళ్లాం పిల్లలతో వచ్చారు. నేను పసుపు రాసిన పీట మీద తూర్పు ముఖంగా కూర్చుని, ఫ్రాన్సు రాజుగారి కూతురిలా మెడ నిటారుగా పెట్టాను.

పంతులుగారు "మేనమామగారు రావాలి" అన్నారు. మామయ్య పళ్లెంతో లేచి వచ్చి, నాకు ఎదురుగా ఆగిపోయాడు.

"బావగారూ, ఒక్క మాట. ఈ పిల్ల మా చెల్లెలు కన్నదేనా?"

నాన్నగారు కండువా సర్దుకున్నారు.

"పొద్దున మీ వరండాలో విన్నాను. తోటల నుంచి వచ్చిన మనిషికి పుట్టిందంటున్నారు. కాదనండి. ఇప్పుడే పెట్టేస్తాను."

నన్నే అంటున్నారని నాకు వెంటనే తట్టలేదు. మామ్మగారి కథలోంచి ఎవరో ఊడిపడి మా హాల్లోకి వచ్చినట్టు, చెంప మీద కొట్టబోయేది ఎవరినో చూద్దామన్నట్టు చుట్టూ చూశాను. అందరి కళ్లూ నా మీదే ఉన్నాయి. అప్పుడు నాన్నగారి వైపు తిరిగాను. ఆయన నోట ఒక్క మాట వస్తే చాలు. ఔనన్నా సరే, కాదన్నా సరే. వందలమంది మనుషుల్ని గద్దించే గొంతది. ఆయన గచ్చు వంక చూస్తూ ఉండిపోయారు. ఆ దేశంలో రాజు ముద్ర వేసి మరీ చెప్పాడు కదా, మరి మా ఇంట్లో రాజు ఏం చేస్తున్నాడు?

"ముహూర్తం దాటిపోతోందండీ" అని పంతులుగారు గొణిగారు. వెనక నుంచి ఎవరో ఆంటీ, ఇక్కడి యాసలో, "నేనప్పుడే అనుకున్నా లా, పోలికే లేదని" అంది. నేను పీట మీంచి లేవబోయాను.

"కూర్చో" అంది అమ్మ. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. గొంతు పెంచలేదు.

"నిజమే అన్నయ్యా, నేను కనలేదు. దీన్ని కన్నతల్లి పేరు సింహాచలం. ఈయన పనివాళ్లకు వండిపెట్టేది. పురిట్లోనే పోయింది, మహాతల్లి. గుడ్డు ఏడుస్తుంటే నేనే వెళ్లి ఎత్తుకొచ్చుకున్నాను. ఇది నా కూతురు."

"నువ్వు కననప్పుడు నేను మేనమామనెలా అవుతానే?"

"అవకు. కానీ నా కూతురికి మేనమామ ఇల్లు కానిది నాకు పుట్టిల్లూ కాదు. ఏటా పంపే చీర ఇక పంపకు."

మామయ్య మొహం పాలిపోయింది. ఆయనా పాపం ఆ పొద్దుటిదాకా నన్ను చెల్లెలి బిడ్డనే అనుకున్నాడు. తనను ఇంతకాలం మోసం చేశారన్న ఉక్రోషం ఆయనది. పళ్లెం కింద పెట్టి బయటికి నడిచాడు. అమ్మ ఆయన వెంట చూడలేదు. వరండా వైపు తిరిగి పిలిచింది.

"అప్పలసామీ! లోపలికి రా. నీ చెల్లెలి కూతురు పీట మీద ఉంది."

ఆ పూట నాకు తగిలిన రెండో దెబ్బ అది. రాంబుటాన్లు తెచ్చే అప్పలసామా!

అతను మెట్ల మీదే లేచి నిలబడ్డాడు. "నానా అమ్మా? లోపటికా?"

"మేనమామవు నువ్వుండగా ఇంకెవర్ని పిలవను?"

కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, మేస్త్రీల బల్ల దాటి, ఇంజినీర్ల కుర్చీలు దాటి, ఆ గడప తొక్కాడు. చంకలో సెరంగూన్ రోడ్డు కొట్టు సంచీ ఉంది. అందులో చిలకాకుపచ్చ ఓణీ. చదివింపుల్లో చప్పుడు లేకుండా పెట్టేసి పోదామని తెచ్చుకున్నాడట. దాన్ని తీసి నా కుడి భుజం మీద వేశాడు.

"ఎడం భుజమండీ బాబూ, ఎడం!" అని వంటింటి గుమ్మంలోంచి యానాం మామ్మగారు కేక పెట్టారు.

"నాకేటెరిక తల్లీ, ఇంతకుముందెప్పుడు ఏసినాను" అన్నాడు అతను, కళ్లు తుడుచుకుంటూ. ఎవరో నవ్వారు. పంతులుగారు గబగబా అక్షింతలు అందించారు.

తరవాత చాలా సంగతులు అమ్మ కొంచెం కొంచెంగా చెప్పింది. తను కన్నట్టే పుట్టింటికి కబురు పెట్టిందట. బళ్లో తెలుగు పిల్లల నోట ఏదైనా పడుతుందని ఉబ్బసం వంకతో నన్ను ఇంట్లోనే ఉంచిందట. అప్పలసామి తన చెల్లెలి బిడ్డను ఇచ్చేస్తూ కోరింది ఒక్కటేనట: ఆదివారం వచ్చి దూరం నుంచి చూసిపోనివ్వమని. నేను ఆడుకున్న ఆదివారాలన్నీ, ఒకరు ఇంటి లోపలి నుంచి, ఒకరు మెట్ల మీంచి, నన్నే చూస్తూ ఉన్నారన్నమాట. ఎంత కాపలా పెట్టాడు దేవుడు నాకు! కన్నతండ్రి ఎవరన్నది అమ్మ చెప్పలేదు, నాన్నగారు బతికుండగా ఆ విషయం నాతో ఎత్తలేదు. ఆయన్ని తప్పుపట్టే మనసు నాకు లేదు, నాకు అన్నం పెట్టిన చెయ్యి. కానీ గచ్చు మీద వాలిన ఆ చూపు తలచుకుంటే ఇప్పటికీ ఉలిక్కిపడతాను.

అమ్మ మళ్లీ కాకినాడ వెళ్లలేదు. చీర కూడా రాలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ చోట ఫ్లాట్లు లేచాయి. వరండా లేదు కాబట్టి ఎవరు కుర్చీలో, ఎవరు మెట్ల మీద అన్న పట్టింపూ లేదు. ఆ ఒక్కటీ పోయినందుకు నేను విచారించను. వాన పట్టిన మధ్యాహ్నాలు, మక్చిక్ దొడ్లో మామిడిచెట్టు, యానాం మామ్మగారి దొంగాట, అన్నీ పోయాయి. మా అమ్మాయికి మేనమామైనా, బస్సు నడిపే ఆయనైనా అందరూ అంకులే. మొన్న ఏదో మాటల్లో, "అప్పలసామి అంకుల్ అమ్మమ్మకి ఏమవుతాడు, రియల్‌గా?" అని అడిగింది.

దానికి అమ్మ పోయిన రోజు సంగతి చెప్పాను. ముత్తైదువగా పోయింది కాబట్టి ఒంటిమీద కప్పడానికి పుట్టింటి చీర కావాలన్నారు పంతులుగారు. కాకినాడకు ఫోన్ చేశాం, ఎవరూ కదల్లేదు. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. అంతలో జొహోర్ నుంచి బస్సులు మారి, వంతెన మీద ట్రాఫిక్‌లో చిక్కుకుని, ముసలి అప్పలసామి మామయ్య వచ్చాడు. చేతిలో ఎర్రంచు పసుపు చీర.

"మీరు ఆవిడకేమవుతారు?" అన్నారు పంతులుగారు.

"అన్ననండి" అన్నాడు, చీర మడత విప్పుతూ.

మా అమ్మాయి నా వైపు తిరిగింది. "జస్ట్ లైక్ దట్, ఆ?" అంది.

"అంతే" అన్నాను.