తలుపు కింద వెడ్జి

మా ఇంట్లో వెడ్జి అనే మాటకు ఇంగ్లీషు చదువుతో పని లేదు. మా ఆయన గోదావరి ఒడ్డు బొగ్గుబావిలో దుంగలు నిలబెట్టే పని చేసేవారు. దుంగకూ పైకప్పుకూ మధ్య సందులో కొట్టి బిగించే చెక్కముక్కే వెడ్జి. ఒక వైపు మందం, ఇంకో వైపు పలచన. అది కొట్టకపోతే దుంగ ఉన్నా లేనట్టే అనేవారు.

పారేసిన ముక్కలు ఇంటికి చేరేవి. మంచం కోడు కింద ఒకటి, ఊగే గొడ్డలి పిడిలో ఒకటి, స్కూటర్ చక్రం కింద ఒకటి. "నీ నోటికి సరిపొయ్యే వెడ్జి మాత్రం యాడ దొర్కలే" అని ఎగతాళి చేసేవారు.

అన్నిటికన్నా పెద్ద ఉపయోగం వీధి తలుపు కింద. మాది బావి కార్మికుల కాలనీ, మూడు షిఫ్టులు. పగలు తలుపు మూసి ఉందంటే, రాత్రి షిఫ్టు దిగిన మనిషి లోపల నిద్రపోతున్నాడని అర్థం. పిల్లలు కూడా ఆ గడప ముందు గట్టిగా మాట్లాడరు. వెడ్జి పెట్టి బార్లా తీసి ఉంటే, రమ్మని. వేరే పిలుపు అక్కర్లేదు. ఉల్లిగడ్డ కోసం వచ్చినామె గంటసేపు ముచ్చట్లు పెట్టి, ఉల్లిగడ్డ మరిచిపోయి వెళ్లేది.

ఆయన జబ్బుచేసి పోయాక క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆదిలాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో పని దొరికి, పత్తి మిల్లుల దగ్గర మేడ మీద గది తీసుకున్నాను. సామాను దించిన రోజే తలుపు కింద వెడ్జి పెట్టి కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

మేడ మీదే ఎదురింట్లో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలు నన్ను చూసి నవ్వి, కొంగు సవరించుకుని వెళ్లిపోయేది. నేను రోజూ బడి నుంచి రాగానే తలుపు తీసి, రెండు కప్పుల చాయ్ పెట్టేదాన్ని. రెండో కప్పు కూడా నేనే తాగేదాన్ని. మిల్లుల నుంచి పత్తి నూగు ఎగిరి వచ్చేది కానీ మనిషి వచ్చేది కాదు. ఈ ఊరివాళ్లకు ఒళ్లంతా పొగరే అని తిట్టుకున్నాను. ఒంటరితనం పాడుది, మంచివాళ్ల మీద కూడా కోపం తెప్పిస్తుంది.

ఒకరోజు డాబా మీద బట్టలు ఆరేసి దిగుతుంటే, ఎదురింటామె నా గడప దగ్గర వంగి వెడ్జి లాగుతోంది. నాకు ఒళ్లు మండింది.

"ఎందుకు తీస్తున్నరు ఆపా?"

"కుక్క మెట్లెక్కింది టీచరమ్మా. మీ వంటింట్ల దూరుతదని తలుపు మూస్తున్న." చెక్కను చేతిలో తిప్పి చూసింది. వెడ్జికి ఆమె మాట పచ్చర్. "పచ్చర్ మంచిగున్నది. గట్టి కట్టె."

"రోజూ తలుపు తీసే ఉంటది గదా. ఒక్కనాడన్న లోపలికి రాలే మీరు."

ఆమె తెల్లబోయింది. "ఎవరికోసమో ఎదురుచూస్తున్నరనుకున్న. రోజూ తలుపు తీసి గడపదిక్కే చూసుకుంట కూసుంటరు. మీ సొంతోళ్లు ఎవరో వస్తరేమో, నడుమ మేమెందుకని రాలే. ఇంతకు ఎవరొస్తరు?"

నాకోసం వచ్చే సొంతోళ్లు ఎవరూ లేరు.

"మీరే ఆపా" అన్నాను. "మీకోసమే తీసి పెడ్తున్న."

అనేశాక ఏడుపు ఆగలేదు. ఆమె వెడ్జిని మళ్లీ తలుపు కింద దూర్చి, చెప్పులు విడిచింది.